ఉప్పునీళ్ళలో ఇరవై కిలోల రాయి

రిటైరయినవాళ్ళు కనబడితే చాలు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఒకటే అడుగుతారు: "మీ సర్వీసులో పట్టుకున్న పెద్ద కేసు ఏదండీ?" అని. నేను తూనికలు కొలతల ఇనస్పెక్టరుగా చేసి దిగిపోయేను. పెట్రోలు బంకులు చూసేను, బంగారం కొట్లు చూసేను, చేపల రేవుల్లో బురదలో నిలబడి తూకాలు చూసేను. పెద్ద కేసులు లేకపోలేదు. కాని ఇప్పుడు మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినప్పుడు తల్చుకుని నాలో నేను నవ్వుకునేది ఒక్కటే. అందులో నేను దొంగని పట్టుకోలేదు. దొంగే స్కూటరేసుకుని ఆఫీసుకొచ్చి నన్ను పట్టుకున్నాడు.

అప్పుడు నాది కోనసీమలో పోస్టింగు. ఊరి పేరు చెప్పను. అంబాజీపేటకి దగ్గరే. కాలవ పక్కన వీధి, వీధి పొడుగునా ఎండుకొబ్బరి కొట్లు, కొట్ల ముందు పై రాష్ట్రాలకి వెళ్ళే లారీలు. లోకమంతా ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చేసినా ఆ వీధిలో మాత్రం పెద్ద త్రాసులూ ఇనప రాళ్ళే నడిచేవి. ఎందుకంటే రైతులు అంకెల కాటాని నమ్మరు. "అంకె ఎక్కణ్ణుంచొచ్చిందో ఎవడికి తెలుసండి? ముల్లయితే కళ్ళ ముందే వంగుద్ది కదండి" అనేవారు.

మా పని చెప్పడానికి పెద్ద కష్టమేం కాదు. కొట్టువాళ్ళ రాయి సరైనదో కాదో మా ఆఫీసు రాయితో తూచి చూస్తాం. మా రాయి సరైనదో కాదో ఏటా ఒకసారి జిల్లా లేబొరేటరీలో ఇంకా గొప్ప రాయితో తూచి చూస్తారు. ఆ గొప్ప రాయిని ఎక్కడ చూస్తారో నేను అడగలేదు, పై దేవుళ్ళ సంగతి మనకెందుకని. మా దగ్గర ఇరవై కిలోలదీ, పది కిలోలదీ, అయిదు కిలోలదీ ఇనపవి. రెండు కిలోల నుంచి కిందికి ఉన్నవన్నీ ఇత్తడివి.

ఆఫీసు అద్దె ఇల్లు. వాన వెలిసేక కూడా లోపల ఇంకో గంట కురిసేది. ఆ ఏడు వానలకి ఇత్తడి రాళ్ళకి ఏమీ కాలేదు గాని ఇనప రాళ్ళు మూడూ తుప్పుపట్టి, ముట్టుకుంటే చేతికి కావిరంగు అంటుకునే స్థితికొచ్చేయి. సరిగ్గా అప్పుడే పై ఆఫీసరు గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఆయన కొత్తగా వచ్చేరు. ఎక్కడికెళ్ళినా బల్ల మీదా బీరువా మీదా చూపుడు వేలు పెట్టి ఇంత పొడుగు గీసి, ఆ వేలు పైకెత్తి మనకి చూపిస్తారని పేరు. మాట్లాడరు. చూపిస్తారు, అంతే.

మా ఆఫీసులో అటెండరు గారు ఒకాయన ఉండేవారు. నాకన్నా వయసులో పెద్ద. బాబాయిగారూ అని పిలిచేదాన్ని. పాడైపోయిన వస్తువంటే ఆయనకి ప్రాణం. బాగున్న వస్తువంటే ఇంకా ప్రాణం, విప్పి చూడందే నిద్రపట్టేది కాదు. సెల్లులో వీడియోలు చూసి అన్నీ బాగుచేసేవారు. మా గోడ గడియారం ఆయన చేతిలో పడ్డాక వెనక్కి నడవడం మొదలెట్టింది. అదేమిటని అడిగితే, "టైము తప్పు లేదండి. అద్దంలో చూసుకుంటే సరిపోద్దండి" అన్నారు. మర్నాడు ఇంటి నుంచి అద్దం కూడా తెచ్చి ఎదురుగోడకి కొట్టేరు. నిజంగానే సరిపోయింది.

ఆయనే ఒక పొద్దున్న, రాళ్ళ ముందు కూచుని బెంగగా చూస్తున్న నా దగ్గరికొచ్చి, "మేడంగారండీ, ఈ తుప్పు నాకొదిలేయండి" అన్నారు.

"గీకకూడదు బాబాయిగారూ. గరుకు కాయితం పెట్టి రుద్దితే బరువు పోతుంది. అవి మామూలు రాళ్ళు కావు."

"ఆయ్, రుద్దేదీ లేదు, గీకేదీ లేదండి. కరెంటే తీసేస్తుందండి. బకెట్లో నీళ్ళు పోసి బట్టల సోడా కలపాలండి. తుప్పు పట్టిన సామాను మైనస్‌కి తగిలించాలి, పనికిరాని ఇనప ముక్క ప్లస్‌కి తగిలించాలండి. బేటరీ చార్జరు పెట్టి కరెంటు వదిలితే బుడగలొస్తాయండి. సాయంత్రానికి తుప్పంతా మెత్తబడి దానంతటదే ఊడిపోద్దండి. ఇనుము ఇసుమంత కూడా పోదండి. మా నూతి గిలక అలాగే చేసేను. వచ్చి చూడండి."

నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివేను. ఈ ఎలక్ట్రాలిసిస్ గురించి పరీక్షలో బొమ్మ వేసి మరీ రాసేను గాని, కళ్ళతో ఎప్పుడూ చూడలేదు. వాళ్ళింటికి వెళ్ళి చూసేను. నూతి గిలక పెళ్ళికొడుకులా ఉంది. ఇంట్లో కత్తిపీట, కొబ్బరి వలిచే గునపం, వాకిలి గొళ్ళెం అన్నీ స్నానం చేసి కూచున్నట్టున్నాయి. వాళ్ళావిడ, పిన్నిగారు, కొంచెం కోపంగా "ఇంట్లో ఇనపదంటూ మిగల్లేదమ్మా, ఇంక నా గాజులకి పెట్టుకున్న పిన్నీసే బాకీ" అన్నారు.

నాకు ముచ్చటేసింది. సరేనన్నాను. శుభ్రం చేసేక లేబొరేటరీకి పంపి తూయించుకుని, ఆ తరవాతే వాడాలన్నది నిబంధన. అలాగే చేద్దామనుకున్నాం. రాళ్ళు మూడూ బాబాయిగారింటికి ఆటోలో వెళ్ళేయి. రెండు రోజులు ఆ నీళ్ళలో నానేయి. నల్లరంగు కూడా వేయించుకుని, నిగనిగలాడుతూ తిరిగొచ్చేయి. "ఎంత మడ్డి దిగిందనుకున్నారండి! బకెట్ అడుగునంతా గుజ్జేనండి!" అని ఆయన మురిసిపోయేరు. నేనూ మురిసిపోయేను.

లేబొరేటరీకి పంపేలోపే ఆఫీసరు గారు చెప్పిన రోజుకి ముందే దిగిపోయేరు.

వచ్చీ రాగానే బల్ల మీద వేలు పెట్టేరు. బీరువా మీద పెట్టేరు. ఆ వేలు నాకు రెండుసార్లూ చూపించేరు. మూడోసారి ఇరవై కిలోల రాయి మీద పెట్టి గీసేరు. వేలు చూసుకున్నారు. ఏమీ అంటలేదు. ఆయన మొహంలో మొట్టమొదటిసారి నెత్తురు పారింది.

"ఇన్ని ఆఫీసులు చూసేను. రాళ్ళని ఇంత శ్రద్ధగా ఉంచిన ఆఫీసు చూళ్ళేదమ్మా. రేపే బజారులో క్యాంపు పెట్టండి. నేనూ వస్తాను. ఈ రాళ్ళు జనం చూడాలి."

"లేబొరేటరీకి పంపి..." అని నేను మొదలెట్టేను.

"ఇంత బాగున్న రాళ్ళని లేబొరేటరీకి పంపడం దేనికమ్మా?" అన్నారు. అంటే పై ఆఫీసరు గారి దృష్టిలో తూకం అనేది రంగుని బట్టి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. కాని పై అధికారి కదా. ఊరుకున్నాను.

మర్నాడు కొబ్బరి వీధిలో షామియానా వేసేరు. వర్తకుల సంఘం వాళ్ళు ఆఫీసరు గారికి కప్పడానికి జరీ అంచు శాలువా ఒకటి తెచ్చి పళ్ళెంలో పెట్టి ఉంచేరు. ఎండుకొబ్బరి అమ్ముకోడానికి వచ్చిన రైతులు చుట్టూ మూగేరు. త్రాసు కట్టించి, ఎడం పళ్ళెంలో మా రాయి పెట్టించేను.

ముందుగా వచ్చింది ఆ వీధిలోకెల్లా పెద్దాయన. ఆయన తూకం గురించి ఆ చుట్టుపక్కల ఎవరూ మాట్లాడరు, మాట్లాడాల్సిన పని ఉండదు కనక. రైతు తెచ్చిన కొబ్బరి తూచేక, పళ్ళెం నుంచి రెండు చిప్పలు తీసి రైతు సంచిలో పడేసే మనిషి. ఆయన రాయి కుడి పళ్ళెంలో పెట్టించేను. పెట్టీ పెట్టడంతోనే ఆ పళ్ళెం చతికిలబడిపోయింది.

కొనే వర్తకుడి రాయి బరువుగా ఉందంటే రైతు మోసపోతున్నట్టు. రాయి ఎంత బరువైతే, అంత కొబ్బరి ఎక్కువ పోస్తే గాని ముల్లు నిలబడదు. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. నేను తీసి మళ్ళీ పెట్టించేను. మళ్ళీ అంతే. మా వైపు వందగ్రాముల ఇత్తడి రాయి కలిపితే గాని ముల్లు మధ్యకి రాలేదు.

"మా నాన్నగారి రాయండీ ఇది" అన్నారు పెద్దాయన మెల్లిగా. అంతే. పక్కనున్న బస్తా మీద కూలబడిపోయేరు.

తరవాత కొట్టు వాళ్ళదీ బరువే. ఆ తరవాతదీ బరువే. వరసగా వీధి వీధంతా బరువే. రైతుల్లో గొడవ మొదలైంది. "ఇన్నాళ్ళూ దోచేసేరండి!" అని ఒకాయన అరిచేడు. "పెద్దాయన్నంటే నాలిక చీరేస్తాను" అని ఇంకో రైతు ఆయన మీదకి లేచేడు. వర్తకులు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. ఆఫీసరు గారు మాత్రం ఆనందంతో మెరిసిపోతున్నారు. ఒక వీధి మొత్తం ఒక్కరోజులో దొరికిపోవడం ఆయన సర్వీసులో అదే మొదలు.

చివరి కొట్టు ఒకాయనది. ఆయన్ని వీధిలో అందరూ మూడురాళ్ళాయన అనేవారు. కొనడానికో రాయి, అమ్మడానికో రాయి, మాకు చూపించడానికో రాయి అన్నమాట. ఎండుకొబ్బరి కొనేటప్పుడు బరువు రాయి, పశువుల దాణా అమ్మేటప్పుడు తేలిక రాయి. అందరికీ తెలుసు, రుజువే లేదు. మేం వెళ్ళేసరికి ఎప్పుడూ మంచి రాయే వచ్చి ముందు కూచునేది. ఆ రోజు ఆయన గుమాస్తా రాయి తెచ్చి పళ్ళెంలో పెట్టేడు. వెనకాలే వచ్చిన మూడురాళ్ళాయన ఆ రాయి వంక చూసి, చటుక్కున చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి లాక్కున్నారు. ఆయన మొహం సున్నం కొట్టినట్టయిపోయింది.

ముల్లు కదిలింది. అటూ ఇటూ ఊగింది. సరిగ్గా మధ్యలో నిలబడిపోయింది.

"శభాష్!" అని ఆఫీసరు గారు కుర్చీలోంచి లేచేరు. ఇంత వీధిలో నిజాయితీపరుడు ఈయనొక్కడే అని చిన్న ఉపన్యాసం చేసేరు. తనకోసం తెచ్చిన శాలువా తీసి ఆయన భుజాల చుట్టూ కప్పేరు. చప్పట్లు కొట్టింది ఆఫీసరు గారు, ఆయన డ్రైవరు. మూడురాళ్ళాయనకి చెమటలు ధారలు కట్టేయి. శాలువాతోనే తుడుచుకున్నారు.

నా కళ్ళు మాత్రం పెద్దాయన మీదే ఉన్నాయి. ఆయన కొట్టు తలుపులు దగ్గరికి వేసేసుకుంటున్నారు. "నా తూకం తేలేదాకా కొననండి" అంటున్నారు. ఎలాగైనా ఆయన్ని కాపాడాలనిపించింది. చదివిన చదువు ఎప్పుడూ అలాంటప్పుడే నెత్తికెక్కుతుంది. నేను బల్ల మీద చెయ్యి చరిచి అందరికీ చెప్పేను. ఇది ఎవరి తప్పూ కాదు, సముద్రపు గాలి తప్పు. ఇనుము తుప్పు పట్టేటప్పుడు గాలిలో ఉన్న ఆక్సిజన్ని పట్టుకుని బరువెక్కుతుంది. మా రాయికి తుప్పు వదిలించేం, మీ రాళ్ళకి వదిలించలేదు, తేడా అదీ అన్నాను. ఎవరి మీదా కేసు రాయడం లేదు, తుప్పు తీయించుకుని మళ్ళీ తీసుకురండి అన్నాను. చెబుతుంటే నాకే ఎంత బాగుందో! ఆక్సిజన్ అన్న మాటకి ఆఫీసరు గారు కూడా తలూపేరు.

వెంటనే మా బాబాయిగారు షామియానా స్తంభం పట్టుకుని నిలబడి, "ఎవరూ కంగారు పడకండి! మా ఇంటికి పట్టుకొచ్చేయండి! ఉప్పు మీది, కరెంటు నాది!" అని ప్రకటించేసేరు.

ఉప్పు అన్న మాట దగ్గర నా చెవి కొంచెం నిక్కబొడుచుకుంది. ఆయన నాకు చెప్పింది బట్టల సోడా కదా అనుకున్నాను. ఇంతలో ఆఫీసరు గారు కారెక్కుతుంటే సాగనంపడానికి వెళ్ళి ఆ సంగతి మర్చిపోయేను.

సాయంత్రం ఆఫీసులో ఒక్కదాన్నే ఉన్నాను. బయట స్కూటరాగింది. మూడురాళ్ళాయన గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికొచ్చి, చంకలో ఉన్న శాలువా బల్ల మీద పెట్టేరు.

"మేడంగారండీ, చిన్న మనవండి."

"చెప్పండి షావుకారుగారూ."

"నన్నేం చెయ్యదల్చుకున్నారండి?"

"శాలువా కప్పేం కదండీ. ఇంకేం చేస్తాం?"

"అదేనండి నా భయం." కుర్చీ చూపిస్తే కూచోలేదు. "ఇన్నేళ్ళలో ఎంతమంది ఇనస్పెక్టర్లొచ్చేరండి. తిట్టేరు, బెదిరించేరు. అది నాకలవాటేనండి. కప్పడం అలవాటు లేదండి. ఇది ఏ రకం ఉచ్చో చెప్పేయండి, రేపు పదిమందిలో పరువు తియ్యకండి."

నాకేం అర్థం కాలేదు. ఉచ్చేమిటండీ, మీ రాయి సరిపోయింది కదా అన్నాను.

"సరిపోకూడదు కదండీ!" అని ఆయన గొంతు పెంచేరు. "మా గుమాస్తా వెధవ మంచి రాయికి బదులు దాణా రాయి తెచ్చి పెట్టేసేడండి. ముందు చూసుకోలేదు. చూసుకునేసరికి పళ్ళెంలో ఉంది. అయిపోయేం రా దేవుడా అనుకున్నాను. ముల్లు నిలబడిపోయిందండి! నా రాయి తేలికండి. ఎంత తేలికో నాకన్నా ఎవరికి తెలుసండి? అడుగున తొలిపించి లక్క నింపించింది నేనే కదండి. అది మీ రాయికి తూచినట్టు సరిపోయిందంటే..."

మాట మధ్యలో ఆపేసి, మూలనున్న మా ఇరవై కిలోల రాయి దగ్గరికెళ్ళి వంగి చూసేరు. నల్లరంగు మీద గోటితో గీకేరు. కింద ఇనుము చెదలు తిన్న కర్రలా గుంటలు గుంటలుగా ఉంది. తన వృత్తిలోవాడి పని చూసినప్పుడు మనుషులకి వచ్చే మర్యాదతో నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మీదెవరు తొలిచేరండీ?" అన్నారు.

నేను లేచి ఆఫీసు త్రాసు ముందుకి లాగేను. ఇత్తడి రాళ్ళని ఎవరూ ముట్టుకోలేదు. రెండు కిలోలవి రెండూ, కిలోది ఒకటీ తీసి ఒక పళ్ళెంలో పెట్టేను. రెండో పళ్ళెంలో ఇనప అయిదు కిలోలది పెట్టేను. ఇనప రాయి గాలిలోకి లేచి ఊయలూగింది.

అంటే వీధిలో రాళ్ళన్నీ సరైనవే. తప్పు రాయి మాది. తన రాయి ఎంత తప్పో ఖచ్చితంగా తెలిసిన మనిషి ఆ బజారు మొత్తంలో ఒక్కడే ఉన్నాడు కాబట్టి ఆ ఒక్కడే కనిపెట్టేడు.

అప్పుడు గుర్తొచ్చింది, సరైన రాళ్ళన్నీ ఆ పాటికి బాబాయిగారింటికి చేరి ఉంటాయని.

"మీ స్కూటరు తీయండి షావుకారుగారూ!" అన్నాను.

"నేనా అండి? మిమ్మల్ని ఎక్కించుకునా అండి?"

"ఆయ్, నన్నే! త్వరగా!"

తూనికలు కొలతల ఇనస్పెక్టరు ఊరి తప్పుడు తూకాలాయన స్కూటరెక్కి, జారిపోకుండా, ఆయన కంగారులో మళ్ళీ భుజాన వేసుకున్న జరీ శాలువా కొస పట్టుకుని కాలవ గట్టు మీద పోతుంటే, లాకుల దగ్గర కబుర్లాడుకునేవాళ్ళు కబుర్లు ఆపేసేరు. "పాపం, షావుకారుని అరెస్టు చేసినట్టున్నారండి" అన్నారొకరు. "కాదండి, ఆయనే తీసుకుపోతున్నాడు" అన్నారింకొకరు. రెండూ వినబడ్డాయి. శాలువా కొస ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

బాబాయిగారి పెరడు జాతరలా ఉంది. ఆటోలు, స్కూటర్లు, ఒక ట్రాక్టరు. రాళ్ళకి బొట్లు పెట్టి వరసగా నిలబెట్టేరు. ఎవరింట్లోంచి తెచ్చినవో పెద్ద పెద్ద ప్లాస్టిక్ తొట్లు, ఉప్పు బస్తా. మొదటి తొట్టిలో పెద్దాయన వాళ్ళ నాన్నగారి రాయి తాడు కట్టి వేలాడదీసి ఉంది. దానికో క్లిప్పు, పక్కన విరిగిన పారకి ఇంకో క్లిప్పు. పెద్దాయన తొట్టి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఆపరేషను గది బయట నిలబడ్డట్టు.

"ఏమైంది బాబాయిగారూ? మొదలెట్టేసేరా?"

"ఎక్కడండీ! మీరొచ్చేముందు నుంచీ కరెంటు లేదండి. ఎప్పుడూ ఇంతేనండి, మనిషి మంచిపని తలపెడితే చాలు తీసేస్తారండి" అని ఆయన కరెంటువాళ్ళని తిట్టడం మొదలెట్టేరు. వర్తకులందరూ కలిసి తిట్టేరు. నేనొక్కదాన్నే ఆ కరెంటు తీసినవాడెవడో గాని వాడి కడుపు చల్లగా ఉండాలనుకున్నాను.

ఇంతలో పిన్నిగారు పళ్ళెంలో వేడి వేడి అట్టు తెచ్చి నా చేతిలో పెట్టేరు. అంతమంది వస్తే ఊరికే పంపుతారా? పెరట్లోనే పొయ్యి పెట్టి పోసేస్తున్నారు.

"తినమ్మా. కొత్త పెనం. అట్టు కాయితంలా లేస్తోంది."

"కొత్తదా అండీ?"

"కొత్తదేమిటి, మా అత్తగారి నాటిది. తుప్పుపట్టి పెరట్లో పడుంటే, పనికిరాని ముక్క కావాలని మీ బాబాయిగారు మీ రాళ్ళతో పాటు బకెట్లో దింపేరు. చూడు ఎలా తేలిందో! పోన్లే, ఇన్నాళ్ళకి ఆయన వల్ల నాకో ఉపకారం జరిగింది."

పొయ్యి మీద పెనం చూసేను. అద్దంలా ఉంది. అట్టు పళ్ళెం పక్కన పెట్టేసేను.

"బాబాయిగారూ, ఈ పెనం దేనికి తగిలించేరు?"

"ప్లస్‌కండి. పనికిరాని ముక్క కదండి."

"పనికిరాని ముక్క మెరిసిపోయి, పనికొచ్చే రాళ్ళకి గుంటలు పడ్డాయేమిటి మరి?"

ఆయన పెనం వంక చూసేరు. చార్జరు వంక చూసేరు. "నా చార్జరు కాలిపోతే మా బావమరిది ఆటోది తెచ్చేనండి" అని నెమ్మదిగా అన్నారు. "దాని క్లిప్పులు విరిగిపోతే వాడు మార్చేడండి. చేతికొచ్చిన రంగు పెట్టేసేడేమోనండి... బట్టల సోడా కూడా దొరక్క ఉప్పు వేసేనండి..."

"అంటే ప్లస్‌కి వెళ్ళింది రాళ్ళు! ఉప్పునీళ్ళలో కరెంటు రాళ్ళనే తినేసింది బాబాయిగారూ! ఆ బకెట్ అడుగున దిగిన మడ్డి తుప్పు కాదు, మన బరువు! ఎక్కడుంది అది?"

"కొబ్బరి మొక్క మొదట్లో పోసేసేనండి. ఉప్పు కదా, చెట్టుకి మంచిదని."

సరిగ్గా అప్పుడు కరెంటొచ్చింది.

పెరడంతా ఒక్కసారి "హమ్మయ్య!" అన్నారు. చార్జరు బుయ్యిమంది. తొట్టిలో పెద్దాయన రాయి పక్కనే బుడగలు లేచేయి. నేను "ఆపండి! ఆపండి!" అని అరుస్తున్నాను, ఆ సంబరంలో ఎవరికీ వినబడటం లేదు. విన్నది మూడురాళ్ళాయన ఒక్కరే. ఆ భారీ మనిషి ఉప్పు బస్తా మీద నుంచి ఒక్క గంతు వేసి, గోడ దగ్గర ప్లగ్గు పట్టుకుని పీకేసేరు. ఆ ఊపుకి కాలు తగిలి తొట్టి బోర్లాపడింది. ఉప్పునీళ్ళు అందరి పంచెల మీదా పడ్డాయి. రాయి దొర్లుకుంటూ వెళ్ళి పెద్దాయన కాళ్ళ దగ్గర ఆగింది. శాలువా బురదలో పడింది.

ఇంక దాచడానికేముంది? అరుగెక్కి ఉన్నదున్నట్టు చెప్పేసేను. గాలీ లేదు, ఆక్సిజనూ లేదు, మీ రాళ్ళన్నీ సరైనవే, మా ఆఫీసు రాయే తేలికైపోయింది, పొద్దున్న మాటలకి నన్ను క్షమించండి అన్నాను. పెద్దాయన వంగి, తన పంచె కొంగుతో రాయి తుడిచి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. ఆ వయసులో ఇరవై కిలోలు ఎలా ఎత్తేరో ఇప్పటికీ తెలీదు. "మా నాన్నగారికి మాట రాలేదమ్మా, అంతే చాలు" అన్నారు.

అందరూ నవ్వుకుంటున్నారు. ఒక రైతు మాత్రం నవ్వకుండా వేళ్ళు ముడుచుకుంటూ ఏదో లెక్క కడుతున్నాడు. ఆఖరికి తలెత్తి అన్నాడు:

"అయితే మేడంగారండీ, మీ రాయి తేలికైతే... దానికి సరిపోయిన రాయి?"

నవ్వులాగిపోయేయి. పెరట్లో ఉన్న ప్రతి తలకాయా మూడురాళ్ళాయన వైపు తిరిగింది. ఆయన ప్లగ్గు ఇంకా చేతిలోనే పట్టుకుని, మోకాళ్ళ దాకా తడిసి నిలబడి ఉన్నారు. ఒకసారి ఎడంవైపు చూసేరు, ఒకసారి కుడివైపు చూసేరు. పారిపోడానికి స్కూటరుకి అడ్డంగా ట్రాక్టరు ఉంది.

"ఆయ్" అన్నారు. "తేలికేనండి."

ఆ ఒప్పుకోడంలో ఉన్న వినయానికి ఎవరికీ తిట్టబుద్ధి కాలేదు. ఆయనే వంగి బురదలోంచి శాలువా తీసి, పిండి, దులిపి, రెండు చేతులతో పట్టుకెళ్ళి పెద్దాయన భుజాల మీద కప్పేరు. పెద్దాయన రాయి ఎత్తుకుని ఉన్నారు కనక వద్దనడానికి చేతులు ఖాళీ లేవు. శాలువాలోంచి ఉప్పునీళ్ళు ఆయన వీపు మీద కారుతుంటే, "సంతోషం బాబూ, సంతోషం, ఇంక తియ్యి" అన్నారు. అప్పుడు మళ్ళీ మొదలయ్యేయి నవ్వులు. పిన్నిగారు ఇంకో విడత పిండి కలిపేరు.

ఆఫీసరు గారికి ఫోను చేసి మొత్తం చెప్పేను. ఆయన అంతా విన్నారు. తరవాత, "మరి శాలువా?" అన్నారు. "ఉతికి ఆరేసేం సార్" అన్నాను. "నేను ఆ క్యాంపుకి రాలేదమ్మా" అన్నారు. సరేనండి అన్నాను. సంజాయిషీ నేనూ బాబాయిగారూ రాసుకున్నాం. మా మూడు రాళ్ళూ లేబొరేటరీకి వెళ్ళి, ఇవి రాళ్ళు కావని రాయించుకుని తిరిగొచ్చేయి. కొత్తవి వచ్చేయి. కొత్త రాళ్ళతో వీధంతా మళ్ళీ తూచి, ఒక్కొక్కరి ముందూ ముల్లు నిలబడటం రైతులకి చూపించి ముద్రలు వేసేను. పెద్దాయన కొట్టు దగ్గర ఇంకో రెండుసార్లు ఎక్కువే తూచేను, చుట్టూ ఉన్నవాళ్ళందరూ చూసేదాకా. బాబాయిగారు తుప్పు వదిలించడం మానలేదు గాని, ఆ తరవాత నుంచి చార్జరు పెట్టే ముందు వైర్లని మీటరుతో చూసుకుని, ఉప్పు ముట్టుకోకుండా, మా ఆఫీసు గుమ్మం దాటి దేన్నీ పట్టుకెళ్ళకుండా ఉండేవారు. మూడోది నా షరతు.

మూడురాళ్ళాయన మీద కేసు రాయక తప్పలేదు. ఆయన కొట్టుకి వెళ్ళి దాణా రాయీ, కొబ్బరి రాయీ రెండూ స్వాధీనం చేసుకున్నాను. మంచి రాయి ఒక్కటే మిగిల్చేను. ఆయనే లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసి, కొబ్బరినీళ్ళు కొట్టించి ఇచ్చేరు. నాకు ఇబ్బందిగానే ఉంది. ఆయన గనక నోరు మూసుకుని శాలువా కప్పుకుని ఇంట్లో కూచుని ఉంటే, ఊళ్ళో రాళ్ళన్నీ కరిగి ఆయన రాయి లాగే తయారయ్యేవి. ఇంక జన్మలో ఆయన్నెవరూ పట్టుకోలేరు. ఆ మాటే అడిగేను. "ఎందుకొచ్చేరండీ షావుకారుగారూ ఆ రోజు? రాకపోతే మీకే లాభం కదా?"

ఆయన నన్ను, అంత చదువుకుని ఇంత మాత్రం తెలీదా అన్నట్టు చూసేరు.

"భలేవారేనండి. సర్కారు రాయే తప్పయిపోతే, నేను దేన్ని చూసుకుని తప్పు తూచాలండీ?"